మేఘముల అంతస్తులు: పోర్ట్ బ్లెయిర్ ఆకాశచరిత్ర

విశాఖపట్టణపు రేవులో నౌక యెక్కి పోర్ట్ బ్లెయిరునకు మొదటిసారి ప్రయాణము చేయు తెలుగు కుటుంబమునకు త్రోవలో కనబడునవి రెండే: క్రింద నీరు, పైన మబ్బు. దీవుల పచ్చదనము కంటబడు నాటికి చూపు ఆకాశమునకు అలవాటు పడియుండును. ఇచ్చట కాపురము పెట్టిన పిమ్మట ఆ యలవాటు మరింత ముదురును. ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియు పట్టణమిది. నైరృతి ఋతుపవనము కేరళ తీరమునకంటె ముందుగా, మే మాసపు మూడవ వారము నాటికే ఈ దీవులను తాకును. అది వెనుదిరుగు వేళకు ఈశాన్య ఋతుపవనపు వానలును, తుపానుల కాలమును వచ్చును. ఆఫీసునకు బయలుదేరు గృహస్థుడు గాని, దండెముమీద బట్టలారవేయు ఇల్లాలు గాని ఒకమారు తల యెత్తి చూడకుండుట అరుదు.

మనము నిత్యము చూచు ఈ మబ్బులకొక చరిత్ర కలదు. గడియలో పుట్టి గడియలో కరగిపోవు మేఘమునకు చరిత్ర యేమని యెవరైన అడుగవచ్చును. ఒకచోట నిలిచి ఆకాశమును చూచినవాడు తాను చూచినదానిని వేరొకచోట నున్నవానికి తప్పులేకుండ తెలుపగలుగుటకు ఎంతకాలము పట్టినది, ఆ లోపల ఎన్ని ప్రాణములు నీటగలిసినవి అను కథయే ఆ చరిత్ర. అందు ఈ పట్టణమునకు తగిన పాత్ర కలదు. ఈ దీవులమీద నేడు కమ్మిన మబ్బు నాలుగు దినములలో మన కోస్తా జిల్లాలపై విరుచుకుపడిన సందర్భములు కలవు గనుక, ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. ఈ పట్టణమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. పాత సంగతులు చెప్పునపుడు పాత పేర్లనే వాడుచున్నాను.

మన పూర్వులు మేఘములను శ్రద్ధతో పరిశీలించిరి. క్రీస్తుశకము 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భ లక్షణములకు ఒక అధ్యాయమునే కేటాయించెను. మేఘము గర్భము దాల్చిన 195 దినములకు వర్షమును ప్రసవించునని యందు చెప్పబడినది. కురిసిన వానను పాత్రతో కొలుచు పద్ధతియు అందు కలదు. ఆవర్తము, సంవర్తము, పుష్కలము, ద్రోణము అను మేఘముల పేర్లు మన పంచాంగములలో నేటికిని కనబడుచున్నవి. ఏటేట మేఘాధిపతి యెవరో ఉగాదినాడు పంచాంగశ్రవణమున విని మనము సంతోషించుటయో, దిగులుపడుటయో కలదు. కాళిదాసు యక్షుడు పిలిచిన మేఘము పుష్కరావర్తక వంశమున పుట్టినదే. ఈ విభాగమంతయు 'ఈ యేడు వాన యెంత' యను రైతు ప్రశ్నకు సమాధానముగ ఏర్పడినది. ఆ ప్రశ్న అల్పమైనది కాదు. కాని ఈ క్షణమున కంటికి కనబడు మేఘము ఏ రూపమున, ఏ యెత్తున నున్నదో చెప్పుటకు ఆ పేర్లు చాలవు.

రూపమును గమనించినవారు పల్లెలలోని రైతులు, సముద్రముమీది జాలరులు. చంద్రునికి గుడి కట్టినపుడు 'దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన' యని పెద్దలు చెప్పగా మనలో చాలమంది వినియుందుము. ఈ సామెతలో ఎంత శాస్త్రమున్నదో కొంత సేపటికి చూతము.

మేఘములకు రూపమునుబట్టి పేర్లు పెట్టి, ఆ పేర్లను లోకమంతట చెల్లించిన ఘనత లూక్ హోవర్డ్ అను ఆంగ్లేయునిది. ఆయన వృత్తి ఔషధముల తయారీ. 1802 డిసెంబరులో, ముప్పది యేండ్ల వయసున, లండనులోని ఒక చిన్న విజ్ఞానగోష్ఠిలో మేఘములను గూర్చి వ్యాసము చదివెను. మేఘములు లెక్కలేనన్ని రూపములు దాల్చినను వాని మూలరూపములు కొన్నియేయని ఆయన వాదము. ఈకవలె, వెండ్రుకపాయవలె నుండునది సిర్రస్. కుప్పవలె పేరుకొన్నది క్యుములస్. దుప్పటివలె పరచుకొన్నది స్ట్రాటస్. వాన కురియునది నింబస్. అదే సంవత్సరము ఫ్రాన్సులో లామార్క్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడును మేఘములను విభజించెను. ఆయన పేర్లు ఫ్రెంచి భాషలో నుండుటచే వ్యాపింపలేదు. హోవర్డ్ పేర్లు లాటిను భాషలోనివి. ఆనాటి పండితులకు ఆ భాష మనకు సంస్కృతము వంటిది. జర్మను మహాకవి గేటే ఆ వ్యాసమునకు ముగ్ధుడై హోవర్డును కీర్తించుచు పద్యములు వ్రాసెను.

పేరు దొరికినది. కాని పేరును మోసికొనిపోవు సాధనము లేదు. ఆ లోటు ఎట్టిదో ఈ దీవుల చరిత్రయే చెప్పును. బ్రిటిషువారి మొదటి వలస 1789లో ఇచ్చట ప్రారంభమై 1796లో ఎత్తివేయబడినది. రెండవది 1858లో మొదలైనది. ఈ రెంటి నడుమ, దీవులలో వార్త పంపగల ఠాణా యొక్కటియు లేని 1844 నవంబరులో, రన్నీమీడ్, బ్రిటన్ అను రెండు నౌకలు కలకత్తాకు పోవుచు ఈ సముద్రమున తుపానులో చిక్కుకొనెను. ఒకటి ఇంగ్లాండునుండి, ఒకటి సిడ్నీనుండి వచ్చుచున్నవి. రెంటిలోను సైనికులు, వారి భార్యలు, బిడ్డలు కలరు. రాత్రివేళ మహాతరంగములు ఆ రెండు నౌకలను ఎత్తి జాన్ లారెన్సు దీవి యొడ్డున ఒకదానికొకటి సమీపముననే పడవేసెను. తెల్లవారువరకు ఒక నౌకలోనివారికి రెండవ నౌక సంగతి తెలియదు. నౌకలు పోయినను జనులలో అధికసంఖ్యాకులు ప్రాణములతో బయటపడి, సహాయము వచ్చువరకు వారములకొలది ఆ యొడ్డుననే గడపిరి.

కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ అను ఆయన తుపానులలో చిక్కిన నౌకల దినచర్య పుస్తకములను సేకరించి గాలి తిరిగిన త్రోవలను గీయుచుండెడివాడు. ఈ తుపానును గూర్చియు ఆయన వివరముగ వ్రాసెను. పాము చుట్టకు సంబంధించిన గ్రీకు పదమునుండి 'సైక్లోన్' అను మాటను కల్పించి 1848లో నావికులకొరకు ప్రచురించిన గ్రంథములో వాడినవాడు ఆయనయే. నేడు ప్రపంచమంతట వాడుకలో నున్న ఈ మాట మన బంగాళాఖాతపు గాలులనుండి పుట్టినదని చదువరులు గమనింతురుగాక.

1864లో కలకత్తాను తుపాను ముంచెత్తినది. అటుపిమ్మట క్షామములును వచ్చినవి. వీని ఫలితముగ 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. పోర్ట్ బ్లెయిరులోను పరిశీలన కేంద్రము నడచినది. బంగాళాఖాతపు తుపానులలో పెక్కు ఈ దీవుల సమీపమున పుట్టుటయో, వీనిని దాటి పోవుటయో జరుగును గనుక ఇచ్చటి పరిశీలనకు విలువ యెక్కువ. కాని ప్రధానభూమికి ఇచ్చటినుండి టెలిగ్రాఫు తీగ లేదు. ఇచ్చటి లెక్కలు నౌకలో పోవలసినదే. తుపాను నౌకకొరకు ఆగదు.

1891 నవంబరు 2వ తేదీన ఆ తుపాను రానే వచ్చినది. రాయల్ ఇండియన్ మెరీను వారి ఎంటర్‌ప్రైజ్ అను నౌక సౌత్ పాయింటు చెంత రాళ్లకు కొట్టుకొని ముక్కలైనది. నౌకలోనివారిలో ఆరుగురు మాత్రమే దక్కిరి. వారిని రక్షించినవారు ఆ తావున చెరలోనున్న స్త్రీ ఖైదీలు. ఒకరిచేతులొకరు పట్టుకొని గొలుసుగా నిలిచి, విరుగుచున్న అలలలోనికి దిగి వారిని ఒడ్డునకు లాగిరి. ఈ పట్టణపు చరిత్రలో సెల్యులర్ జెయిలును గూర్చి విననివారు లేరు. ఆ జెయిలు కట్టడము ప్రారంభమగుటకు (1896) ముందే జరిగిన ఈ స్త్రీల సాహసమును మన పిల్లలకు చెప్పువారు తక్కువ.

అదే కాలమున సముద్రమునకు ఆవలి యొడ్డున మన తెలుగువారొకరు ఆకాశమును పరిశీలించుచుండిరి. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున సొంత ఖర్చుతో నక్షత్రశాలను నెలకొల్పెను. 1856లో ఆయన మరణింపగా అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దానిని 1892లో తాను మరణించువరకు నడపెను. గ్రహణములతోపాటు వాన, వేడి, గాలి వీని లెక్కలును అచ్చట వ్రాయబడుచుండెను. ఒకే సముద్రమునకు అటు విశాఖలోను ఇటు పోర్ట్ బ్లెయిరులోను కన్నులున్నవి. ఈ కన్ను చూచినదానిని ఆ కన్నునకు చెప్పు నాలుక మాత్రము లేకపోయినది.

ఇంతలో మేఘముల పేర్ల విషయమున గొప్ప అడుగు పడినది. లండను మేఘమును చూచి పెట్టిన పేరు ఉష్ణమండలపు మేఘమునకు చెల్లునా యను సందేహముండెడిది. రాల్ఫ్ అబర్‌క్రాంబీ అను ఆయన 1880ల నాటి భూప్రదక్షిణములలో మేఘముల ఛాయాచిత్రములు తీసి, ప్రపంచమంతట మేఘరూపములు ఒక్కటేయని నిర్ధారించెను. స్వీడనుదేశపు హిల్డెబ్రాండ్సనుతో కలిసి 1887లో పదిరకముల పట్టికను ప్రకటించెను. 1896లో అంతర్జాతీయ మేఘచిత్రమాల వెలువడినది. పెక్కు సవరణలు పొంది, 2017లో తిరిగి కూర్పబడి, అది నేటికిని ప్రమాణగ్రంథము. అందలి పది జాతులను మన పోర్ట్ బ్లెయిర్ ఆకాశముననే చూడవచ్చును. ఆకాశమును మూడంతస్తుల మేడగా భావించిన సుళువుగా తెలియును.

క్రింది అంతస్తు నేలనుండి 2 కిలోమీటర్ల వరకు. వాన వెలసిన తెల్లవారుజామున హారియట్ కొండ (2021 నుండి మౌంట్ మణిపుర్) శిఖరమును కప్పు బూడిదరంగు పొర స్ట్రాటస్. గడ్డలు గడ్డలుగా పరచుకొని నడుమ సందులు చూపునది స్ట్రాటోక్యుములస్. ఎండ కాయు దినములలో దీవి వేడెక్కగానే నేలమీద లేచు తెల్లని దూదిగుట్టలు క్యుములస్. వీని అడుగు బల్లపరుపుగ, తల గుండ్రముగ నుండును.

నడిమి అంతస్తు మన ఉష్ణమండలమున 2 నుండి 8 కిలోమీటర్లు. గొఱ్ఱెలమంద వలె కనబడునది ఆల్టోక్యుములస్. సూర్యుని గరుకు అద్దము వెనుకనున్నట్లు చూపునది ఆల్టోస్ట్రాటస్. అది చిక్కబడి, క్రిందికి దిగి, పగలంతయు విడువక కురియునది నింబోస్ట్రాటస్. జూన్, జూలై మాసములలో మనకిది చిరపరిచితము.

పై అంతస్తు 6 నుండి 18 కిలోమీటర్లు. అంతస్తుల హద్దులు గోడలవంటివి కావు గనుక ఒకదానిలోనికొకటి చొచ్చుకొని యుండును. ఇచ్చటి మేఘములు నీటిచుక్కలతో గాక మంచుపలుకులతో నిర్మితములు. ఈకలవంటిది సిర్రస్, ఇసుకమీది అలజాడలవంటిది సిర్రోక్యుములస్, పలుచని ముసుగువంటిది సిర్రోస్ట్రాటస్. ఇక పదవది క్యుములోనింబస్. దానికి ఒక అంతస్తు చాలదు. అడుగు ఒక కిలోమీటరునకు లోపలనుండగా తల 16, 17 కిలోమీటర్ల వరకు పోవును. ఉరుము, మెరుపు, కుంభవృష్టి దానివే.

ఇప్పుడు సామెత సంగతి. సిర్రోస్ట్రాటసులోని మంచుపలుకులు చంద్రకిరణమును వంచి, చంద్రునికి 22 డిగ్రీల దూరమున పెద్ద వలయమును కట్టును. చేయి చాచి జాన విప్పిన, బొటనవ్రేలినుండి చిటికెనవ్రేలివరకు ఇంచుమించు ఆ దూరమగును. ఇది దూరపు గుడి. నడిమి అంతస్తులోని పలుచని మేఘపు నీటిచుక్కలు కట్టు వలయము చంద్రుని ఆనుకొని కొద్ది డిగ్రీలలోనే ముగియును. ఇది దగ్గర గుడి. వాయుగుండము వచ్చునపుడు దానికి ముందుగా విస్తరించునది పై అంతస్తులోని మంచుముసుగే. కనుక దూరపు గుడి వానకు సూచనయగుట పెక్కుమారులు నిజము, ప్రతిమారును కాకపోయినను. అక్షరము రాని మన పెద్దలు వలయపు వెడల్పునుబట్టి మేఘపు అంతస్తును చదివిరని దీని యర్థము.

ఈ మేడకు కప్పు ఎచ్చట? పైకి పోయినకొలది గాలి కిలోమీటరునకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడును. ఇది అంతులేకుండ సాగునని లోకము నమ్మియుండెను. ఫ్రాన్సులో తీసెరాంక్ ద బోర్ అను శాస్త్రజ్ఞుడు రెండువందలకు పైగా బెలూన్లను పంపి, ఒక యెత్తు దాటినపిమ్మట చల్లబడుట ఆగిపోవుచున్నదని 1902లో ప్రకటించెను. అదే యేడు జర్మనీలో ఆస్మన్ అను ఆయనయు ఇదే చెప్పెను. క్రిందిది ట్రోపో ఆవరణము. మేఘములు, వానలు, తుపానులు అన్నియు దాదాపుగ అందే. పైది స్ట్రాటో ఆవరణము, 50 కిలోమీటర్ల వరకు. దానిపై మీసో ఆవరణము, సుమారు 85 కిలోమీటర్ల వరకు. ఆ కొనలలో వేసవిరాత్రులు వెండివలె మెరయు మేఘములను ఐరోపావారు 1885లో గమనించిరి. అవి ధ్రువములకు చేరువ దేశములవారికే గాని మనకు కనబడవు.

కప్పు అన్ని దేశములలోను ఒక్క యెత్తున లేదు. ధ్రువములయొద్ద 8, 9 కిలోమీటర్లు. మనమీద 16, 17. కల్పతి రామకృష్ణ రామనాథన్ అను మన శాస్త్రజ్ఞుడు ఆగ్రా బెలూన్ల ఫలితములను ఇతర దేశముల ఫలితములతో కూర్చి, ఉష్ణమండలమున ఆ కప్పు ధ్రువప్రాంతములకంటె చాల చల్లనిదని 1929లో చూపెను. ఉడుకు దేశపు నెత్తిమీద మంచుదేశముకంటె చలి యెక్కువ! అచ్చటి చలి సున్నకు క్రింద 80 డిగ్రీల దరిదాపులనుండును. క్యుములోనింబస్ ఎగసి యెగసి ఈ కప్పును తాకి, ఇక పైకి పోలేక, కమ్మరివాని దాగలివలె ప్రక్కలకు పరచుకొనును. సాయంకాలము రాస్ దీవికి (2018 నుండి నేతాజీ సుభాస్ చంద్రబోస్ ద్వీపము) ఆవల సముద్రముమీద అట్టి దాగలి కనబడినచో, మనము ట్రోపో ఆవరణపు కప్పును కంటితో చూచినట్లే.

ఆ యెత్తున గాలి యెటు వీచునో తెలిపిన ఘటనలలో ఒకటి 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలగుట. ఆ చప్పుడు ఈ దీవులలోను ఫిరంగులమ్రోతవలె వినబడినది. పోర్ట్ బ్లెయిరులోని పోటుపాటుల కొలమానముమీద ఆ అలల జాడ పడినది. ఎగసిన ధూళి భూమధ్యరేఖ ననుసరించి తూర్పునుండి పడమరకు రెండు వారములలోపల భూమిని చుట్టివచ్చినది. దానికి క్రింద, ట్రోపో ఆవరణపు పైయంచున, వానకాలములో వీచు మరియొక తూర్పుగాలిని వివరించినవాడు తెలుగు శాస్త్రజ్ఞుడు పంచేటి కోటేశ్వరం. తరువాత వాతావరణ శాఖకు అధిపతియైన ఆయన, ఋతుపవన కాలమున 13 నుండి 16 కిలోమీటర్ల యెత్తున దక్షిణభారతముమీదుగా గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన వేగముతో తూర్పునుండి సాగు గాలిప్రవాహమును గూర్చి 1958లో ప్రకటించిన వ్యాసము ప్రపంచప్రసిద్ధము. దీనిని నమ్ముటకు యంత్రము అక్కరలేదు. జూలైలో మబ్బు విచ్చిన వేళ పోర్ట్ బ్లెయిరులో నిలిచి చూడుడు: క్రింది మబ్బులు నైరృతినుండి ఈశాన్యమునకు పరుగెత్తుచుండగా, వాని సందులలో కనబడు సిర్రస్ ఈకలు తూర్పునుండి పడమరకు నడచుచుండును. ఒకే ఆకాశమున రెండు నదులు ఎదురెదురుగా పారుచున్నవి.

నాలుక లేని కన్నునకు 20వ శతాబ్ది మొదటి దశకమున నాలుక వచ్చినది. పోర్ట్ బ్లెయిరునకును, బర్మా తీరపు డైమండ్ దీవికిని నడుమ తీగలేని టెలిగ్రాఫు ఏర్పడినది. నేడు పరిశీలకుడు ఆకాశమును చూచి క్రింది, నడిమి, పై అంతస్తుల మేఘములకు ఒక్కొక్క అంకె చొప్పున మూడంకెలు పంపును. ఆ మూడంకెలు చూచి ఏ దేశమువాడైనను ఇచ్చటి ఆకాశమును ఊహించుకొనగలడు. హోవర్డ్ పేర్లే ఈ అంకెలుగా మారినవి. బెలూన్లు, రాడార్లు, 1983లో ఎగసిన ఇన్సాట్ 1బి మొదలుగ ఉపగ్రహములు దీనికి తోడైనవి.

దీని ఫలితము లెక్కకు వచ్చునది మన ఇండ్లలోనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపాను ఆగ్నేయ బంగాళాఖాతమున పుట్టినది. ఆ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 2013 నవంబరు 25న లెహర్ తుపాను ఈ దీవులను దాటి, బలహీనపడి 28న మచిలీపట్టణమువద్ద తీరము చేరినది. 2014 అక్టోబరు 8న హుద్‌హుద్ ఈ దీవులను దాటి, 12న విశాఖపట్టణముమీద పడినది. పట్టణము ఛిన్నాభిన్నమైనది, అయినను ఆంధ్రప్రదేశమున మృతులు నూరుమందికి లోబడియుండిరి. నాలుగు దినములముందే వార్త అందుటయు, జనులను ఎత్తైన తావులకు తరలించుటయు దీనికి కారణములలో ముఖ్యమైనవి. 1891 నాటి కన్నునకును 2014 నాటి కన్నునకును గల భేదమిదే.

తుపాను దినములలో శ్రీకాకుళమునుండియు, విశాఖనుండియు మనవారు ఫోనులో మొదట అడుగు మాట 'అక్కడ మబ్బెట్లున్నది' యని. మన సంఘ సభ్యులు తమ పిల్లలకు ఈ పది పేర్లను, మూడంతస్తులను నేర్పి, సాయంకాలము మేడమీదనో, సముద్రపుటొడ్డుననో నిలిచి గుర్తింపజేసినచో ఖర్చులేని విద్య యబ్బును. హెచ్చరిక చేయు పని వాతావరణ శాఖ వారిది. ఆ మాటనే ఆలకింపవలెను. కాని ఆవలి యొడ్డుననున్న అమ్మమ్మ అడిగినపుడు 'పై అంతస్తున పలుచని ముసుగు వచ్చినది, చంద్రునికి దూరపు గుడి కట్టినది, రేడియో పెట్టుకొని యుండుడు' అని ఇచ్చటి మనుమరాలు చెప్పగలిగిన, ఆ పెద్దామె ఆ మాటను వెంటనే అర్థము చేసికొనును.